చీమల చక్కెర

"పిడికెడు చక్కెర అడిగితే పానం అడిగినట్టు చేస్తానవేందే?" అని మొగిలమ్మ వంటింటి గడప అవతలి నుంచి మళ్లీ అంది. "నా అత్త పెట్టింది, నేను పెట్టిన. నీ తల్లి పెండ్లికి పెట్టినం, నీ పెండ్లికి పెట్టినం. ఇంట్ల మంచి జరిగే ముంగట చీమలకు చక్కెర పెట్టుడు మన ఇంటి ఆనవాయితి. ఇయ్యాల నువ్వచ్చి బంద్ పెడుతవా?"

"పెట్ట, అమ్మమ్మా."

"ఎందుకు పెట్టవు? చీమలకు రేషన్ కార్డు లేదనా?"

ముందుగదిలో మగ్గం పక్కన కూర్చుని బీడీ కాలుస్తున్న వెంకట్రాజం ఆ మాటకు నవ్వాడు. నవ్వినవాడే విసుక్కున్నాడు. "ఇచ్చి పారెయ్యరాదు యాకమ్మా. పొద్దటి సంది ఒక్కటే లొల్లి. చుట్టాలచ్చే యాళ్లయితాంది."

యాకమ్మ డబ్బా మూత మీద నుంచి చెయ్యి తీయలేదు.

"సరే తియ్. సాయంత్రం నీ తమ్మునికి, నీ బిడ్డకు నోరు తీపి చేసేటప్పుడన్న ఆ డబ్బ ఇస్తవా, అదీ ఇయ్యవా?" అని మొగిలమ్మ చేతికర్ర టకటకలాడించుకుంటూ వాకిట్లోకి పోయింది.

యాకమ్మ చక్కెర డబ్బాను ఒళ్లో అట్లాగే పెట్టుకుని స్టవ్ ముందు పీట మీద కూర్చుంది. స్టవ్ మీద గిన్నెలో సిరంజి ఉడుకుతోంది. గాజు గొట్టం అడుక్కి తగిలి లేస్తూ చిన్నగా చప్పుడు చేస్తోంది. పక్కనే గ్లాసులో చిన్నబిడ్డ సరూప మూత్రం, దాని పక్కన నీలం మందు సీసా, పరీక్ష చేసే సన్నటి గాజు గొట్టం. సరూపకు పొద్దు గూకక ముందే సూది పడాలి. సూదికి ముందు రంగు చూడాలి. రంగును బట్టి మందు ఎక్కించాలి, ఎక్కించాక కాసేపు ఆగి అన్నం పెట్టాలి. చుట్టాలు వచ్చినా, ఇంట్లో పెళ్లి జరిగినా, పీనుగ లేచినా ఈ పని ఆగదు. కేసముద్రం నుంచి ప్యాసింజర్ బండి ఈపాటికి సగం దూరం దాటే ఉంటుంది. అందులో తల్లి సమ్మమ్మ కిటికీ పక్కన కొంగు నెత్తిన కప్పుకుని కూర్చుని ఉంటుంది, తమ్ముడు సారంగపాణి తలుపు దగ్గర నిలబడి ఉంటాడు, వాడు ఎప్పుడూ కూర్చోడు. స్టేషన్‌లో దిగి, రిక్షా మాట్లాడుకుని, మట్టెవాడ గల్లీలోకి తిరిగేదాకా ఒక అరగంట. ఆ అరగంట అయ్యాక పెద్దబిడ్డ అరుణ నోట్లో చిటికెడు చక్కెర, సారంగపాణి నోట్లో చిటికెడు చక్కెర. అంతే, వాళ్లిద్దరి పెళ్లి ఖాయమైపోతుంది. ఇక కాదనడం ఎవరి తరమూ కాదు. నోట్లో వేసిన చక్కెరను వెనక్కి తీసినవాళ్లు ఎవరున్నారు.

ఎండాకాలం. వెనక గోడ ఇంకా కాలుతోంది. సూదిమందు సీసా ఏమవుతోందో అని మనసు ముందుగదిలోకి పోయింది, అక్కడ మగ్గం గుంటలోకి దిగింది. ఈ ఇంట్లో చల్లగా ఉండేది ఆ గుంట ఒక్కటే. నేసేవాడి కాళ్లు ఆడే చోట, ఒక మూలకు, తడి ఇసుక నింపిన కుండలో సరూప మందు సీసా ఉంటుంది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వెంకట్రాజం ఆ ఇసుక మీద నీళ్లు చల్లుతాడు. ఒకరు చెప్పాల్సిన పని లేదు, ఒక్క పూట మరిచిపోలేదు. జంపఖానా నేస్తూ నేస్తూ మధ్యలో వంగి కుండను ముట్టుకుని చూస్తాడు, జ్వరం వచ్చిన పిల్ల నుదురు ముట్టుకున్నట్టు. అట్లాంటి మనిషితో ఎట్లా పోట్లాడటం? చిన్నప్పుడు తనను మెడల మీద ఎక్కించుకుని జాతరకు తీసుకుపోయిన మామ. తల్లికి తోడబుట్టిన తమ్ముడు, ఇప్పుడు తన మొగుడు. పెళ్లయ్యేదాకా మొగిలమ్మ అమ్మమ్మ, పెళ్లయినాక అత్త. కొత్తలో ఎవరెవరో అత్త అనమని నేర్పారు, నోరు తిరగలేదు. వెంకట్రాజాన్ని మామా అనే పిలిచింది, ఇప్పటికీ అంతే. పుట్టిల్లూ అత్తిల్లూ ఒకటే అయితే ఆడపిల్లకు అంతకంటే ఏం కావాలి అని వాడలో అందరూ అన్నారు. నిజమే. అప్పగింతలప్పుడు ఏడుపు కూడా రాలేదు. అమ్మమ్మ ఇంటికి పోవడానికి ఏడ్చేదెవరు.

ఈ ఇంటి చీమల కథ కూడా అప్పటికే తెలుసు, ఆమె దాన్ని వింటూ పెరిగింది. ముత్తాత కట్టయ్య ఈ గుంట తవ్వుతుంటే చీమలపుట్ట బయటపడిందట. అటు పొయ్యి మీద నూలుకు వేసే ఎర్రరంగు కాగుతోందట. ఆ బాన ఎత్తి మరుగుతున్న రంగునీళ్లు పుట్టలో కుమ్మరించాడట. చీమలు గుడ్లు నోట కరుచుకుని ఎర్రగా పైకి తేలాయట. చీమల తల్లి కలలోకి వచ్చి, నా పిల్లలను కాల్చినవు, నీ ఇంటి పిల్లల పక్కబట్టల కాడికి నా పిల్లలను తోలుత అన్నదట. మొగిలమ్మ ఈ కథ చెబుతుంటే మనవరాళ్లు భయంతో కాళ్లు దగ్గరికి ముడుచుకునేవాళ్లు. సమ్మమ్మకూ వెంకట్రాజానికీ నడుమ తనకు పుట్టిన ఇద్దరు మగపిల్లలు ఆ గండంలోనే పోయారని చెప్పేది. ఏడవకుండా చెప్పేది, ఎప్పుడో వచ్చిపోయిన కరువు సంగతి చెప్పినట్టు. ఊయల కిందికి బారులు కట్టి వచ్చేటివి బిడ్డా, నల్లటియి, తడిబట్ట ఇడిచి కదిలేటియి గావు. అందుకే ఇంట్లో మంచి జరిగే ముందు గుంట గట్టున పిడికెడు చక్కెర. చిన్నప్పుడు సెలవులకు వచ్చినప్పుడు ఆ చక్కెర పోసింది తనే. అమ్మమ్మ వేళ్ల సందుల్లోంచీ తన వేళ్ల సందుల్లోంచీ చక్కెర కలిసి జారేది. ఎంత సంబురంగా ఉండేది. ఏదో పెద్దపని చేస్తున్నట్టు.

సిరంజి ఉడికింది. గిన్నె దింపి, గాజు గొట్టంలో నీలం మందు పోసి, మూత్రం చుక్కలు వేసి, పట్టకారుతో పట్టుకుని మంట మీద పెట్టింది. నీలంగానే ఉంది. నీలంగా ఉంటే ఏమీ లేదు. ఆకుపచ్చ అయితే కొంచెం, పసుపు అయితే ఇంకొంచెం, ఎరుపు అయితే చాలా ఎక్కువ. ఈ రంగులు ఆమెకు కొత్త కాదు, పుట్టినప్పటి నుంచి రంగుల బానల మధ్యే పెరిగింది, ఏ రంగు ఎంత కాగితే ఎట్లా తిరుగుతుందో కళ్లు మూసుకుని చెప్పగలదు. కానీ ఈ గొట్టంలో రంగును మాత్రం ప్రతిసారీ చూడలేక చూస్తుంది. తిరగకు, తిరగకు అని లోపల అనుకుంటుంది. అనుకుంటే ఆగుతుందా. రామలింగం విషయంలో అనుకోలేదా.

రామలింగం. మొదటివాడు. ఏడాది నిండకుండానే పోయాడు కాబట్టి ఇంట్లో వాడి ఫోటో లేదు, వాడి మొహం గుర్తుచేసుకోవాలంటే ఆమె అరుణ చిన్నప్పటి మొహం తెచ్చుకుని, దాన్ని కొంచెం బక్కచిక్కించి, పెదవులు ఎండబెట్టి చూసుకోవాలి. పాలు తాగేవాడు, తాగి మళ్లీ ఏడ్చేవాడు, మళ్లీ తాగేవాడు. తాగిందంతా తడిపేవాడు. తాగిన కొద్దీ చిక్కిపోయేవాడు. ఒకరోజు ఊయల కింద బట్ట తీయబోతే చీమలు. మొగిలమ్మ చూసి గుండెలు బాదుకుంది. ఆ పూట నుంచి గుంట గట్టున చక్కెర. పొద్దున పోశారు, మాపున పోశారు. పక్కవాళ్లూ తలా గుప్పెడు తెచ్చి పోశారు, పాపం, మంచి మనసుతోనే. చీమలు తగ్గలేదు. పిల్లవాడికి దాహం. వట్టి నీళ్లు ఎట్లా పడతాం, బలం ఉండాలి కదా అని చక్కెర కలిపిన నీళ్లు దూదితో పిండారు. పెదవులు చప్పరించేవాడు. ఎంత ఇష్టంగా చప్పరించేవాడు. అంత చిన్న నాలుక. చక్కెరనీళ్లు అనగానే కళ్లు అటు తిప్పేవాడు. దవాఖానకు పోదామని ఎవరూ అనలేదు. గండానికి దవాఖాన ఏంటి? శాపానికి సూది ఎక్కడుంటుంది? ఇంట్లో అంతమంది పెద్దవాళ్లు, అందరూ ఆ పిల్లవాణ్ణి బతికించాలనే చూశారు, ఎవ్వరూ నిద్ర పోలేదు. ఊపిరి పోయేముందు వాడి నోట్లోంచి పండిన పండు వాసన వచ్చింది. ఇల్లంతా ఆ వాసన. ఇప్పటికీ బజార్లో మాగిన పండ్ల బండి ఎదురైతే యాకమ్మ అవతలి పక్కకు దాటుతుంది.

రంగు పచ్చబడింది. స్టవ్ పిన్ను పెట్టి పొడవాలి, మంట ఒక పక్కకే పోతోంది. బయట మొగిలమ్మ కర్ర చప్పుడు వినపడటం లేదు. ఎక్కడికి పోయింది ఈ ఎండలో? అరుణ వెనక గదిలో జడ వేసుకుంటున్నట్టుంది, చెల్లెలితో ఏదో అంటోంది, సరూప నవ్వుతోంది. అరుణకు ఏమీ లేదు. నీళ్లు తాగితే అందరిలాగే తాగుతుంది, తింటే ఒంటికి పడుతుంది. ఆ పిల్లను చూసుకుని గండం పోయిందనుకున్నారు ఇంటిల్లిపాదీ. తర్వాత సరూప, నాలుగేళ్లు బాగానే పెరిగి, ఒకరోజు వాకిట్లో ఆడుకుంటూ ఆడుకుంటూ పడిపోయింది. లేపితే లేవలేదు. నోట్లో అదే వాసన. ఆ వాసన తగలగానే యాకమ్మ ఎవరినీ అడగలేదు. పిల్లను భుజాన వేసుకుని చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి ఉరికింది. సరూప బతికింది. బతకడం అంటే ఇదే, పొద్దున సూది, మాపున సూది, తొడల మీద సూది పోట్లతో గట్టిపడ్డ చర్మం. అక్క పెండ్లిల ఒక్క లడ్డు తినచ్చానే అమ్మా, సగం తింట, కొస తింట, వాసన చూసి ఇస్త అని నిన్న అడిగింది. ఏం చెప్పాలి. తినొద్దంటే పిల్ల ఏడవదు, అదే యాకమ్మకు భరించరాదు. సరేనని తల ఊపి పోతుంది, పెద్ద మనిషిలాగా.

దవాఖానకు కొత్తగా వచ్చిన డాక్టరమ్మ కూడా సరూపను చూసి ముందు అదే అంది, ఈ పిల్ల ఏడవదేంటమ్మా అని. చిన్న వయసే. కాగితాలు పక్కన పెట్టి మనిషి మొహంలోకి చూసి మాట్లాడే మనిషి. "మీరిద్దరూ పెళ్లికి ముందే చుట్టాలా?" అని అడిగింది. మా మేనమామనే అమ్మా అని యాకమ్మ చెప్పింది. డాక్టరమ్మ సరూప వైపు చూసి, "మీ ఇంట్లో ఇంతకు ముందు పసిపిల్లలు ఎవరైనా పోయారా? దాహం దాహమని, చిక్కిపోయి... పక్కబట్టలకి చీమలు పట్టేవా?" అంది. యాకమ్మ సరూపను దగ్గరికి లాక్కుంది. చీమల సంగతి ఈమెకు ఎవరు చెప్పారు? కట్టయ్య ముత్తాత రంగునీళ్లు పోసింది ఈ కుర్చీలో కూర్చున్న మనిషికి ఎట్లా తెలుసు? తెలిసి కాదు. మూత్రంలో చక్కెర ఉంటే చీమలు వస్తాయి. అంతే. రెండు ముక్కలు. ఇన్నేళ్ల కథ, ఇన్నేళ్ల చక్కెర, గుంట గట్టున ఇన్ని దండాలు, అన్నీ ఆ రెండు ముక్కల్లో అయిపోయాయి. పాతకాలం వైద్యులకి కూడా ఈ సంగతి తెలుసమ్మా అంది డాక్టరమ్మ. అందరికీ తెలుసన్నమాట. ఊయల పక్కన కూర్చున్నవాళ్లకు తప్ప.

కడుపు వెనక ఒక గ్రంథి ఉంటుందట. దానిలో చిన్న చిన్న కణాలు, ఇన్సులిన్ తయారుచేసేవి. తల్లి కడుపులో ఉన్నప్పుడే అవి పుట్టి, పెరిగి, ఒకటి రెండై రెండు నాలుగై గుంపు కట్టాలట. అట్లా పెరగమని చెప్పే ఆజ్ఞ రక్తంతో వస్తుందట, జీన్ అంటారట దాన్ని. అందరికీ అవి జంటగా ఉంటాయి, తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి. ఒకటి చెడినా రెండోది పని నడుపుతుంది, మనిషికి ఏమీ తెలియదు. రెండూ చెడినవే వచ్చాయనుకో, ఆ కణాలు గుంపు కట్టవు, కొన్ని పుట్టినా నిలవవు. మీ ఇంట్లో జరిగింది అదే అయి ఉంటుంది అంది డాక్టరమ్మ. యాకమ్మకు మాటలన్నీ అర్థం కాలేదు. కానీ ఆమె చేతులకు అర్థమైంది. జంపఖానాకు జంటపోగు నూలు. రెండు పోగులు కలిపి పురి ఎక్కిస్తారు. ఒక పోగు ఎక్కడో తెగి ఉన్నా రెండోది పట్టుకుని ఉంటుంది, నేసినవాడికి కనపడదు, కొన్నవాడికి కనపడదు. రెండు పోగులూ నూలు చుట్టిన ఒకే కండె నుంచి తీసి, ఒకే చోట తెగి ఉంటే, అక్కడ చిల్లు. ఎంత బాగా నేసినా చిల్లే. తనది ఆ కండె, వెంకట్రాజానిదీ ఆ కండె. మొగిలమ్మదీ ఆమె మొగుడిదీ కూడా అదే, వాళ్లిద్దరూ మేనత్త మేనమామ పిల్లలే కదా. వేరే నూలు ఈ ఇంట్లోకి ఎప్పుడు వచ్చింది గనుక.

"మా పెద్దబిడ్డను మా తమ్మునికి ఇద్దామనుకుంటానం అమ్మా." ఎందుకు చెప్పిందో తెలియదు, నోట్లోంచి వచ్చేసింది. డాక్టరమ్మ చేతిలో పెన్ను బల్ల మీద పెట్టేసింది. వాళ్లిద్దరిలో ఉందో లేదో చూసే పరీక్ష ఉందా అని యాకమ్మ అడిగింది. "లేదమ్మా. అది ఎక్కడుందో మాకే ఇంకా తెలియదు. ఏమీ కాకపోవచ్చు కూడా. పిల్లలందరూ బాగానే పుట్టొచ్చు. కానీ నా చెల్లెలైతే నేను ఇవ్వనివ్వను. బయటి సంబంధం చూడండి." ఏమీ కాకపోవచ్చు. ఆ మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేది. అవుతుంది అని చెబితే భయపడి కాళ్లు పట్టుకోవచ్చు, కాదు అని చెబితే దండం పెట్టి ఇంటికి రావచ్చు. ఏమీ కాకపోవచ్చు అనే మాటను పట్టుకుని ఏ గడపలో నిలబడాలి?

వచ్చేటప్పుడు రిక్షాలో వెంకట్రాజానికి చెప్పింది. సరూప మధ్యలో నిద్రపోయింది. అతను పిల్ల తల జారకుండా చేత్తో పట్టుకున్నాడు. "మట్టెవాడల ఎవ్వరింట్ల లేదే మేనరికం?" అన్నాడు. "సారయ్య ముగ్గురు బిడ్డలను అక్క కొడుకులకే ఇచ్చిండు. పిల్లలు గుర్రాల లెక్క ఉరుకుతాండ్రు. మన గీత బాగలేదు, గంతే. నువ్వు గీ మాట బయటపెడితే మా అక్క మళ్ల మన గడప తొక్కుతదా? నా బిడ్డ పనికి రాదా అంటది. మా అవ్వ బతుకుతదా?" అతను చెప్పిందాంట్లో అబద్ధం ఒక్కటి లేదు. ఆ తర్వాత ఇంట్లో ఎవరికీ చెప్పలేదు ఇద్దరూ. అతను ఇసుక మీద నీళ్లు చల్లుతూనే ఉన్నాడు. ఆమె కండెలు చుడుతూనే ఉంది. మొగిలమ్మ మంచిరోజు పెట్టించింది.

పసుపు తిరిగింది. కాదు, పసుపు దాటిపోతోంది. గొట్టం అడుగున ఎరుపు దిగుతోంది, జంపఖానా అంచుకు వేసే ఎరుపు, ఇటుకను నలిపి కలిపినట్టు. యాకమ్మ గొట్టాన్ని మంట మీంచి తీసి వెలుగుకు పెట్టి చూసింది. ఎటు తిప్పి చూసినా ఎరుపే. సరూప ఏదో తిన్నది. ఏం తిన్నది? అడిగితే చెప్పదు. చెప్పాల్సిన అవసరమూ లేదు. మొన్న అమావాస్యనాడు మొగిలమ్మ గండం పోవాలని గుంట గట్టున చక్కెర పోసి పోయాక, ఇల్లు ఊడుస్తూ తను చూడనే చూసింది. సరూప గొంతుక్కూర్చుని వంగి ఉంది. ఏం చేస్తానవే అంటే ఉలిక్కిపడలేదు. "చీమలు తింటానయా లేదా చూస్తాన" అంది. కింది పెదవి మీద ఒక చీమ పాకుతోంది. పిల్ల దాన్ని తుడుచుకోలేదు, ఉన్నట్టు తెలియదు. "అమ్మా, చీమలకు సుత సూదేస్తరా?" అని అడిగింది. యాకమ్మ కొంగుతో ఆ పెదవి తుడిచింది. కొట్టలేదు. ఎవరిని కొట్టాలి? ఎనభై ఏళ్ల ముసలి చెయ్యి పోసిన చక్కెర, ఇంటి పిల్లలు చల్లగుండాలని పోసిన చక్కెర, ఆ ఇంటి పిల్లే చీమలతో కలిసి ఏరుకుని తింటోంది.

వాకిట్లో కర్ర చప్పుడు. మొగిలమ్మ వచ్చేసింది. పక్కింటి తాహెరా బేగం గొంతు వెనకే వినపడింది, "ఇంకొంచెం తీస్కపో నానీ, ఇంత దానికి మొహమాటం ఏంది" అని. కొంగున చక్కెర మూట కట్టుకుని వచ్చింది ముసలమ్మ, పంతం మనిషి. గుంట గట్టున వంగడానికి ఆమెకు ఎంతసేపు పడుతుందో, నడుం ఎట్లా పట్టుకుంటుందో యాకమ్మ చూడకుండానే చూసింది. ఏవో మాటలు గొణుగుతోంది. అరుణ పేరు వినపడింది, సారంగపాణి పేరు వినపడింది. మా పిల్లల జోలికి రాకుండ్రి తల్లీ అంటోంది. నిజంగా అంటోంది, ఏడుపు గొంతుతో. ఆమెకు ఇద్దరు పోయారు. ఇన్నేళ్లయినా ఇంకా చీమలను బతిమాలుతోంది. ఆమె మీద కోపం తెచ్చుకుందామంటే రాలేదు. కోపం రాకపోవడంతోటే ఇంకా నీరసం వచ్చింది. అందరూ మంచివాళ్లే ఉన్న ఇంట్లో ఎవరిని తప్పు పట్టి బయటపడాలి.

తమ్ముడు ఇంకా మంచివాడు. వాడు పుట్టినప్పుడు తల్లికి జబ్బు చేస్తే ఎత్తుకున్నది తనే. ఒక చేత్తో వాణ్ణి చంకన పట్టుకుని ఇంకో చేత్తో రాట్నం తిప్పేది, వాడు కండె పట్టుకుని చీకేవాడు, నోరంతా రంగు. ఇప్పుడు కేసముద్రం మార్కెట్ యార్డులో ధాన్యం తూకం వేస్తాడు, కాంటా దగ్గర వాడి మాట అంటే రైతులకు నమ్మకం. సరూపకు జబ్బని తెలిసిన నాటి నుంచి మిఠాయి పొట్లం పట్టుకుని ఈ గడప ఎక్కలేదు. అరుణకు ఏం తెచ్చినా సరూప తినగలిగేదే తెస్తాడు, వేయించిన పల్లీలో, పచ్చి మొక్కజొన్న కంకులో. సూది వెయ్యడం దవాఖానలో నర్సు దగ్గర నేర్చుకున్నాడు, వంకాయ మీద గుచ్చి గుచ్చి. ఆ వంకాయ కూర వండితే ఎవరూ తినలేదని ఇప్పటికీ నవ్వుతాడు. సరూప వాడి చేత వేయించుకుంటేనే నొప్పి లేదంటుంది. అరుణకు ఊహ తెలిసినప్పటి నుంచి నీ మొగుడు అంటే వాడే. చిన్నప్పుడు సిగ్గుపడి కొంగు చాటుకు పోయేది. ఇప్పుడు సిగ్గుపడటం లేదు, వాడి పేరు వింటే మొహం తేటపడుతుంది. అంతకంటే మంచి మొగుడు ఎక్కడ దొరుకుతాడు? ఎక్కడా దొరకడు. అదే కదా. కాదనడానికి ఒక వంక అయినా లేదు, తాగుడు లేదు, తిరుగుడు లేదు. వాడిలో తప్పేంటి అంటే తన రక్తమే వాడిలో ఉండటం.

ఏమీ కాకపోవచ్చు. మొదటి పిల్ల బాగానే పుట్టొచ్చు. తనకు కూడా అరుణ బాగానే పుట్టింది కదా. అరుణ బాగానే పుట్టాక సరూప.

"అమ్మా, ఎంత వచ్చింది?" అరుణ తలుపు దగ్గర నిలబడింది. తలలో మల్లెలు, కొత్త ఓణీ. గొట్టం రంగు చూసి మొహం చిన్నబుచ్చుకుంది. "మళ్ల ఎర్రగేనా? దాన్ని నేను అడుగుతగని నువ్వు ఫికర్ చెయ్యకు." వంగి గిన్నెలోంచి సిరంజి బయటికి తీసి, శుభ్రమైన గుడ్డ మీద పెట్టింది. దాన్ని వెలుగుకు పెట్టి గీతలు చూసింది. "మామను అడిగి ఇయ్యాల నేను సుత నేర్చుకుంటనే అమ్మా. చెయ్యి వణుకుతది గని, జర ధైర్యం చెప్పు. రేపు మా ఇంట్ల సుత అక్కరకొస్తది గద, సరూప అచ్చినప్పుడు." అని నవ్వి, చేతులు తుడుచుకుని, నీళ్లు నింపడానికి బిందె దగ్గరికి పోయింది. ఆ పిల్ల చేతిలో సిరంజి ఎంత కుదురుగా ఉంది. యాకమ్మ ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. ఆ చెయ్యి ఇంకెవరి తొడనో పట్టుకుని, ఇంకెవరికో కథలు చెప్పి మరిపిస్తూ, గుచ్చుతున్నట్టు. ఇంకో ఊరు, ఇంకో వంటిల్లు, అదే నీలం మందు. గట్టున కూర్చుని చక్కెర అడిగే ముసల్ది ఎవరు? మొగిలమ్మ ఉండదు అప్పటికి. తనే. తన చెయ్యే ఆ డబ్బా కోసం చాపుతుంది. ఏమీ కాకూడదు తల్లీ అని చీమలకు దండం పెడుతుంది, ఎందుకంటే వేరే ఎవరికి పెట్టినా ఒకటే.

గల్లీలో రిక్షా గంట మోగింది. సరూప "మామా!" అని ఉరికింది. ఉరికే కాళ్ల చప్పుడు ఎంత తేలికగా ఉందో, ఆకు పడ్డట్టు. సమ్మమ్మ గొంతు, వెంకట్రాజం గొంతు, కాళ్లు కడుక్కునే నీళ్ల చప్పుడు. యాకమ్మ ముందు సరూపను పిలిచింది, మగ్గం గుంటలోంచి సీసా తెచ్చింది, ఎరుపుకు తగ్గట్టు మందు ఎక్కించింది. సారంగపాణి ఇంకా చొక్కా గుండీలు కూడా విప్పుకోలేదు. "ఇటు తే అక్కా, నేనేస్త" అని చెయ్యి చాపాడు. "ఇయ్యాల నేనేస్త తమ్మీ" అంది ఆమె. సరూప తొడ మీద మెత్తటి చోటు వెతికింది, చాలాసేపటికి దొరికింది. పిల్ల ఏడవలేదు. గుంట గట్టున చీమలు అప్పుడే బారు కట్టాయి.

అందరూ ముందుగదిలో కూర్చున్నారు. సారంగపాణి మగ్గం బల్ల అంచు మీద, సరూప వాడి మోకాలికి ఆనుకుని. సమ్మమ్మ చాప మీద, చేతిలో కొత్త చీర పొట్లం. మొగిలమ్మ గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని ఉంది, వెంకట్రాజం గడప దగ్గర. అరుణ నీళ్ల చెంబు పట్టుకుని వంటింటి తలుపు వారగా నిలబడింది. "ఇగ తేవే డబ్బ. మంచి గడియ దాటిపోతాంది" అంది మొగిలమ్మ. యాకమ్మ చక్కెర డబ్బా తెచ్చి అందరి మధ్యలో కూర్చుంది. ఒళ్లో పెట్టుకుంది. మూత మీద రెండు చేతులూ వేసింది.

"తియ్యవేందే మూత? చీమల మీది కోపం ఇంక పోలేదా నీకు?" అంది మొగిలమ్మ. సారంగపాణి నవ్వాడు. సమ్మమ్మ కూడా నవ్వింది. వెంకట్రాజం నవ్వలేదు, భార్య మొహం చూసి తల దించుకున్నాడు.

"చీమల మీద కోపమేం లేదమ్మమ్మా" అంది యాకమ్మ. గొంతు పెంచలేదు, అన్నం వడ్డిస్తూ మాట్లాడినట్టే మాట్లాడింది. "నేను మూత తియ్య. అరుణను తమ్మునికి ఇయ్య. అవ్వా, నన్ను కన్నదానివి, నువ్వు నా గడప తొక్కనంటే తొక్కకు. తమ్మీ, నీ తప్పేం లేదు. ఎందుకో తర్వాత చెప్త. మన ఇంటి పిల్లను మన ఇంట్లనే ఇచ్చుడు నాతోనే ఆఖరు."